రెండు చేతుల కోత

ఏప్రిల్ 7, సోమవారం

చేత్తో లాగే పాత కటింగ్ మిషన్ ఈరోజు ప్రాణం వదిలింది. పిడి దగ్గర ఇనుము అడ్డంగా చీలింది. మెకానిక్ దేవదాసు వచ్చి చూశాడు. చూసి ఏమైనా పనిముట్టు బయటకు తీస్తాడేమో అనుకుంటే, చెప్పులు తొడుక్కుంటూ గడప దగ్గర నిలబడి అన్నాడు: "అన్నా, దీనికి వెల్డింగు పెడితే వెల్డింగే మిగుల్తాది. పాత ఇనుమోనికి ఏసెయ్."

మా నాన్న చేతి మిషన్ గురించి అలా మాట్లాడొచ్చా? ఒళ్ళు మండింది. టీ కూడా ఇప్పించలేదు.

జూన్‌లో బడులు తెరుస్తారు. కౌతాళం, పెద్దకడుబూరు బడుల నోటుపుస్తకాలన్నీ మేమే చేసివ్వాలి. మడత పెట్టి, పిన్ను కొట్టి, అట్ట వేసినా, మూడు వైపులా కోత పడకపోతే అది పుస్తకం కాదు, చింపిరి కట్ట. ఈ సీజను తప్పితే ఆ బడులవాళ్ళు మళ్ళీ మా కొట్టు గుమ్మం తొక్కరు. పక్క వీధి కొట్టులో కోయిద్దామంటే, వాడు తన పని అయ్యాకే మన కట్ట ముట్టుకుంటాడు. అంతసేపూ వాడి గడప ముందు నిలబడాలి. నేను నిలబడను.

నా భుజం సంగతి ఇంకొకటి. కుడి చెయ్యి జేబు దాకా పోతుంది, జుట్టు దాకా పోదు. డాక్టరు బరువులు ముట్టుకోవద్దన్నాడు. కాబట్టి ఏ మిషన్ తెచ్చినా దాని ముందు రోజంతా నిలబడేది మా ఆవిడ ఇందు. తనే అంది, "నేను కోస్తా, మీరు కూచోని పిన్నులు కొట్టండి" అని. పత్తి వ్యాపారం చేసే ఇంట్లో నీడన పెరిగిన పిల్ల. ఇప్పుడు రోజంతా కత్తి కింద కాగితాలు సర్దాలి. అవి వాళ్ళమ్మ గోరింటాకు పెట్టి పెంచిన చేతులు. ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం సయించడం లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఎమ్మిగనూరులో వీరన్న ప్రెస్సు మూసేసి ఫ్లెక్సీల పనిలోకి దిగుతున్నాడట. వాళ్ళ దగ్గర కరెంటుతో నడిచే జర్మనీ కటింగ్ మిషన్ ఉందట. చూసి వస్తాను. చూడటానికే.

ఏప్రిల్ 10, గురువారం

అబ్బా, ఏం మిషన్!

పచ్చటి రంగు, పాతదే, కానీ పెచ్చు ఊడలేదు. బల్ల అద్దంలా ఉంది, కాగితం కట్ట పెట్టి వేలితో తోస్తే జారిపోతుంది. ముందు పై నుంచి బిగింపు దిగి కట్టను అణుస్తుంది, దాని వెనకే కత్తి ఏటవాలుగా దిగుతుంది. చప్పుడే లేదు. వెన్నలో చాకు అంటారే, అది కూడా ఇంత మెత్తగా దిగదు. నేను ఎన్ని ఏళ్ళు పిడి లాగి లాగి భుజం పోగొట్టుకున్నానో తలచుకుంటే ఏడుపొచ్చింది. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాను, ధూళి అని చెప్పాను.

వీరన్న మర్యాదస్తుడు. వెళ్ళగానే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. "తిను విష్ణన్నా, మిషన్ యాడికీ పోదు" అన్నాడు. మిషన్‌ను దేవుడిలా చూసుకుంటాడు. ప్రతి అమావాస్యకూ పూజ చేస్తారట. ముందు వైపంతా పసుపు, కుంకుమ, ఎండిన చామంతులు. బల్ల కింద రెండు బటన్లు ఉన్నాయి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. ఎడమ వైపుది కుంకుమలో మునిగిపోయింది, దాని నడుమ పూజకు అంటించిన రూపాయి బిళ్ళ. భక్తి ఉన్నచోట వస్తువు బాగుంటుంది. నేను కళ్ళకద్దుకున్నాను.

కోసి చూపించినవాడు ఏసన్న. పొడుగాటి మనిషి, ఎండలోనూ నిండు చేతుల చొక్కా, ఎడమ చేతి మీద తువ్వాలు. మొత్తం పని కుడి చేత్తోనే! కట్టను మోచేత్తో గుండెకు ఆనించుకుని ఎత్తుతాడు, ఒక్క చేత్తో సర్దుతాడు, ఒక్క చేత్తో బటన్ నొక్కుతాడు. ఎడమ చెయ్యి తువ్వాలు కింద హాయిగా విశ్రాంతి తీసుకుంటుంది. పనితనమంటే అది. మా ఆదోనిలో ఇలాంటివాడు లేడు.

కొనడానికి కాదు వెళ్ళింది. చూడటానికే.

ఏప్రిల్ 11, శుక్రవారం

మా కొట్టు తలుపు కొలిచాను. ఊరికే. పడుతుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇందుకు చెప్పాను. మిషన్ గురించి చెబుతుంటే చెబుతూనే ఉన్నానట, కూరగాయలు తరగడం అయిపోయింది. అంతా విని ఒకే ఒక మాట అడిగింది.

"ఆడ ఏమన్నా తిన్నారా?"

"ఉగ్గాని."

"బజ్జీలు?"

"బజ్జీలు లేకుండా ఉగ్గాని ఎవడు తింటాడే?"

ఇక మొదలు. వాళ్ళ నాన్న వెంకటేశ్వర్లు గారు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొంటారు. బేరం తెగేదాకా అమ్మేవాడి నీళ్ళు కూడా ముట్టరు. తింటే నోరు మెత్తబడుతుందట, కన్ను కూడా మెత్తబడుతుందట. గోనె బోరెం పైన కనిపించే పత్తిని చూడను కూడా చూడరు, చెయ్యి మోచేతి దాకా దూర్చి నడిమిలోంచి పిడికెడు లాగుతారు. ఇవన్నీ నాకు పెళ్ళయిన దగ్గర నుంచీ తెలుసు. మిషన్‌లోకి మోచెయ్యి దూర్చమంటావా అని అడిగాను. నవ్వలేదు.

"నడిమి ఆకు చూసినారా?" అంది.

"ఏం ఆకు?"

"కోసిన కట్టలో పై ఆకు, కింది ఆకు అందరూ చూస్తారు. నడిమి ఆకు తీసి కొలిచినారా?"

కొలవలేదు. కొలవాల్సిన అవసరం లేదు, అది జర్మనీ మిషన్. అదే చెప్పాను.

ఏప్రిల్ 15, మంగళవారం

మళ్ళీ ఎమ్మిగనూరు. నడిమి ఆకు చూద్దామనే వెళ్ళాను. చూడటం మర్చిపోయాను.

వీరన్న "నువ్వే ఒక కోత కొయ్ విష్ణన్నా, చేతికి తెలుస్తాది" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను. కట్ట పెట్టాను. కుడి చెయ్యి బటన్ ఎత్తు దాకా బాగానే వస్తుంది, నొప్పి లేదు. ఎడమ చేత్తో కాగితం అంచు సర్దుతూనే కుడిచేత్తో నొక్కబోయాను. ఎంత వేగం! సర్దడం, నొక్కడం రెండూ ఒకేసారి అయిపోతాయి. ఇంకా నొక్కనే లేదు, ఏసన్న కేక వేశాడు.

"సామీ! చెయ్యి! చెయ్యి తియ్యప్పా!"

కేకంటే కేక కాదు, వీధిలో కుక్కలు లేచాయి. ఉలిక్కిపడి చేతులు రెండూ వెనక్కి లాక్కున్నాను. వీరన్న అటు తిరిగి ఎవరికో ఫోను చేసుకుంటున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను పుట్టింది కాగితాల మధ్య. ఒక పనివాడు, మిషన్ యజమాని ఎదుట, కొనడానికి వచ్చిన మనిషి మీద అలా అరవొచ్చా? పొగరు. పనితనం ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది.

బజ్జీలు తినలేదు. ఒకటి తిన్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

చొక్కా మీద పసుపు మరక చూసి ఇందు పట్టేసింది. సరే, తిన్నానన్నాను. ఉరి వేస్తావా అన్నాను.

తర్వాత ఏసన్న గురించి చెప్పాను, వాడి పొగరు గురించి కాదు, ఒంటి చేతి కోత గురించి. నేను మెచ్చుకుంటూ చెబుతున్నాను, తన మొహం మాత్రం మారిపోతూ వచ్చింది.

"ఒక చేత్తోనే నొక్కుతాడా?"

"ఒక చేత్తోనే! అదే కదా గొప్ప."

"మరి రెండు బటన్లు ఉండాయంటిరి."

"ఒకటి పూజకు" అన్నాను. నోట్లోంచి అలాగే వచ్చింది.

ఇందు దేవదాసుకు ఫోను చేసి వంటింట్లోకి వెళ్ళి మాట్లాడింది. బయటకు వచ్చి "ఈసారి నేనూ వస్తా" అంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

వీరన్న ఫోను. ఏసన్న చర్చికి వెళ్ళాడు, ఈరోజు రావద్దన్నాడు. దేవనకొండ వైపు నుంచి వేరే పార్టీ వచ్చి చూసి పోయిందట. "నువ్వంటే అభిమానం కాబట్టి సెప్తాండా అన్నా. అడ్వాన్సు పంపితే ఇంకెవరికీ చూపించను."

నేను పంపేద్దామన్నాను. ఇందు వద్దంది. పోతుంది అన్నాను. పోనీ అంది. ఆ రెండక్షరాలు ఎంత తేలిగ్గా అంటుందో! ఆ మిషన్ వేరే వాళ్ళ కొట్టులో ఉండడం నేను ఊహించుకోలేకపోయాను. రోజంతా ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రం మాట్లాడాను, మా ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో నాకు తెలియదు.

ఏప్రిల్ 21, సోమవారం

ఇది మొత్తం రాయాలి.

పొద్దున బయలుదేరేటప్పుడు ఇందు సంచిలో పసుపు, కుంకుమ, టెంకాయ, నిమ్మకాయలు, ఒక పాత చీర ముక్క పెట్టింది. మనసు మార్చుకుంది, కొనేద్దామనే బయలుదేరింది అనుకుని బస్సులో కిటికీ పక్కన సీటు తనకే ఇచ్చాను.

వీరన్న ఎప్పటిలాగే ఉగ్గాని తెప్పించాడు. ఇందు ప్లేటు వైపు కూడా చూడలేదు. "ముందు పనప్పా. ఏమీ అనుకోవద్దు" అంది. నా చేతిలో ప్లేటు అప్పటికే ఉంది. కింద పెట్టాను.

ఏసన్న ఒక కట్ట కోశాడు. ఇందు పై ఆకు తీసింది, కింది ఆకు తీసింది, తర్వాత కట్టను నడిమికి విరిచి ఒక ఆకు లాగింది. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. వాళ్ళ నాన్న పత్తి పింజను ఎండకు ఎత్తి చూసేది అచ్చం అలాగే. మూడు అంచులూ ఒకటే గీత. "కోత బాగుంది" అంది. నేను గర్వంగా చుట్టూ చూశాను, ఆ మిషన్‌ను నేనే కన్నట్టు.

అప్పుడు ఇందు ఏసన్న వైపు తిరిగింది. మెల్లగా అడిగింది.

"ఏసన్నా, ఎడం చెయ్యి ఎప్పుడు పోయింది?"

ఏసన్న తువ్వాలు తీసేశాడు. చొక్కా చెయ్యి మణికట్టు దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉంది. దాని తర్వాత ఏమీ లేదు.

నేను అంతకుముందు రెండుసార్లు వచ్చాను. ఆ మనిషి పక్కనే నిలబడి మిషన్ పళ్ళు కూడా లెక్కపెట్టాను.

"జిన్నింగు మిల్లులోమ్మా. మీ ఆదోనిలోనే. అప్పటికి నాకు మీసాలు గూడా సరిగ్గా రాలే."

"మరి రెండు బటన్లు ఎట్ల నొక్కుతాండావు?"

ఏసన్న వీరన్న వైపు చూశాడు. వీరన్న ఉగ్గాని వైపు చూశాడు.

ఇందు గొంతు పెంచలేదు. సంచి తెరిచింది. "వీరన్నా, బేరం తర్వాత. మా ఇంటికొచ్చే లక్ష్మికి ముందు మేమే స్నానం చేయించి బొట్టు పెట్టుకోవల్ల. మా అమ్మగారింట్లో ఆచారం."

అలాంటి ఆచారం వాళ్ళింట్లో ఉన్నట్టు నేను ఈ రోజే విన్నాను.

"ఇప్పుడే ఎందుకక్కా, మీ ఇంటికి పోయినాంక చేసుకోండి."

"దోవలో దిష్టి తగుల్తాది. మెయిన్ ఆపు."

పూజ వద్దని ఎవడనగలడు? వీరన్న వెళ్ళి కరెంటు ఆపాడు. ఇందు చీర ముక్క తడిపి తుడవడం మొదలుపెట్టింది. నా చెయ్యి అయితే ఆ పని చేసేది కాదు. పూజ చేసిన కుంకుమను మనం తుడుస్తామా? కళ్ళకద్దుకుంటాం, పక్కకు జరుగుతాం. అక్కడికి వచ్చిన ప్రతివాడూ అదే చేసి ఉంటాడు. ఎరుపు పోతే పసుపు, పసుపు పోతే మళ్ళీ ఎరుపు, గోడ సున్నంలా పొరలు పొరలు. చివరికి బిళ్ళ తేలింది, నల్లబడి ఉంది. ఇందు టెంకాయతో దాని అంచు మీద మెల్లగా కొట్టింది. ఊడి కింద పడింది. దాని కింద ఎడమ బటన్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. మళ్ళీ పైకి రాలేదు.

"అందరూ దూరం పోండి. కరెంటు వేసుకో" అంది. వేశారు. ఇందు ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చేతి వేలితో కుడి బటన్ నొక్కింది.

కత్తి దిగింది.

చప్పుడు లేకుండా, మెత్తగా, నేను పొగిడిన ఆ కోతే. మంగళవారం నా ఎడమ చెయ్యి ఎక్కడ ఉందో అప్పుడు గుర్తొచ్చింది. కాగితం రీముల మీద కూర్చున్నాను.

"రెండు బటన్లు దూరం దూరంగా పెట్టేది ఎందుకో దేవదాసు సెప్పినాడు" అంది ఇందు, నాతోనో వీరన్నతోనో తెలియలేదు. "రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే కత్తి దిగల్ల. అప్పుడు కత్తి కింద చెయ్యి ఉండదు."

"అవునమ్మా" అన్నాడు ఏసన్న. "నాకు ఉండేది ఒకటే చెయ్యి. అది బటన్ మీదుంటే కత్తి కింద పెట్టేకి ఇంకోటి లేదు. నన్ను ఈ మిషన్ ఏం చేయదు. రెండు చేతులున్నోళ్ళకే బయం. మొన్న సారు చెయ్యి కిందుండింది తల్లీ, నా పానం పోయింది."

వీరన్న నోరు విప్పాడు. ఏసన్నకు ఊళ్ళో ఎవరూ పని ఇవ్వని రోజుల్లో వీరన్న వాళ్ళ నాయన పనిచ్చాడట. ఏసన్న ఒక్క చేత్తో కోయడానికి వీలుగా, ఆయుధపూజ రోజు ఆయనే ఆ బిళ్ళతో బటన్‌ను అణచి, పైన కుంకుమ అంటించాడట. అడిగినవాళ్ళకు పూజ బిళ్ళ అని చెప్పమన్నాడట. "నాయన పోయినాంక ప్రతి అమావాస్యా దాని మీదే బొట్టు పెట్టుకుంటా వచ్చినామక్కా. మాకు అది బిళ్ళ అని గూడా గుర్తు లేకపోయె."

"నీకు గుర్తు లేదు సరే. ఏసన్నకు గుర్తుండాది గదా. నీకు సెప్పలేదా?"

వీరన్న తల దించాడు. "సెప్పినాడు. అడ్వాన్సు ముట్టినాంక మీకు సెప్దామనుకున్యా."

నేను లేచాను. ఏమన్నానో మొత్తం గుర్తులేదు. "నా పెండ్లాం చేతులతో బేరం ఆడతావా!" అన్నది గుర్తుంది. ఉగ్గాని ప్లేటు నేల మీదికి వెళ్ళింది, అది నా చెయ్యి తగిలే. వెళ్దాం పదా అని ఇందు చెయ్యి పట్టుకుని లాగాను. తను కదల్లేదు.

"అరవొద్దండి. మిషన్ తప్పేముంది? నడిమి ఆకు సరిగ్గా ఉండాది." తర్వాత వీరన్నతో అంది: "బటన్ మా దేవదాసుతో చేయిస్తాం. ఖర్చు నీది. కత్తి దిగేటప్పుడు ఒక చెయ్యి తీస్తే ఆడనే ఆగల్ల. నా కండ్ల ముందర ఆగినాంకనే బేరం. వేరే పార్టీ ఉంటే వాళ్ళకు గూడా ఈ బిళ్ళ చూపించి అమ్ముకో."

వేరే పార్టీ ఎవరూ లేరని వీరన్న మొహమే చెప్పింది.

వచ్చేటప్పుడు ఏసన్న తువ్వాలు పళ్ళతో పట్టుకుని ఒంటి చేత్తో మడుస్తున్నాడు. "మంచిదమ్మా. బటన్ బాగైతే ఇంక నేను కోయలేను, అంతే" అన్నాడు. గుమ్మం దగ్గర ఇందు ఆగింది. తిరిగి ఏసన్న మణికట్టు వైపు చూసింది.

ఏప్రిల్ 22, మంగళవారం

అన్నం తింటూ ఎడమ చేతి వైపు చూస్తున్నాను. ఉంది.

ఏప్రిల్ 24, గురువారం

ఇందును చూస్తే భయం వేస్తోంది. భయం కాదు. ఏమంటారో దాన్ని. పెళ్ళైన కొత్తలో మాత్రమే ఇలా దొంగచాటుగా చూసేవాణ్ణి.

దేవదాసు వచ్చాడు. ఈసారి నేనే టీ ఇప్పించాను. ఇందు వాడి ముందు కూర్చుని అడుగుతోంది: "ఎడం బటన్ వేలంతే ఉండాల్నా?"

"యాడుండాదక్కా అట్ల? రెండు ఉండల్ల, దూరంగా ఉండల్ల, రెండూ ఒకేసారి నొక్కల్ల. అంతే."

"అయితే ఎడం పక్కది వెడల్పుగా చెయ్. మణికట్టుతో నొక్కినా దిగల్ల."

నాకు అర్థమైంది. కోపం కూడా వచ్చింది. దేవదాసు వెళ్ళాక అడిగాను, ఏసన్న మన కొట్టులో జీతగాడా, జాలిపడి ఇలా చేస్తున్నావా అని.

"జాలి కాదు. రీములు మోసేకి మీ భుజం లేదు. నేను పొయ్యి దగ్గరికి పోతే కోత ఆగుతాది. ఆయప్పంత కోత వచ్చినోళ్ళు మన ఊర్లో ఎవరుండారు? మీరే సెప్పినారు."

చెప్పాను, నిజమే. అయినా అంతేనా అన్నట్టు చూశాను.

"ఇంకోటి. బేరం చెడిపోతాదని తెలిసి గూడా, వాళ్ళ యజమాని ముందరే మీ మీద అరిచినాడు. నాకు మిషన్ పక్కన అట్ల అరిచే మనిషి కావల్ల."

ఆ కేకను నేను పొగరు అని రాసుకున్నాను. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు, ఉండనీ.

మే 2, శుక్రవారం

ఎమ్మిగనూరులో దేవదాసు బటన్లు బిగించాడు. ఎడమ వైపుది అరచెయ్యంత రేకు. కాగితాల చోట దోసకాయ పెట్టి, కుడిది ఒక్కటే నొక్కాడు. కత్తి కదల్లేదు. ఎడమది ఒక్కటే, కదల్లేదు. రెండూ నొక్కి, కత్తి సగం దిగాక ఒకటి వదిలాడు. దోసకాయ తొక్కకు వేలెడు ఎత్తులో ఆగిపోయింది. మళ్ళీ చెయ్యమంది ఇందు. మళ్ళీ చేశాడు. ఇంకోసారి అంది. వీరన్న నిట్టూర్చాడు, దేవదాసు మాత్రం ఎన్నిసార్లయినా చేసేవాడే, వాడికి ఇందు అంటే ఇప్పుడు గురి.

బేరం తెగింది. అప్పుడు ఇందు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "ఇప్పుడు పెట్టు వీరన్నా, ఉగ్గాని." బజ్జీలు కూడా తింది, నా ప్లేటులోవి. వీరన్న నవ్వేసరికి నాకూ కోపం పోయింది. వాళ్ళ నాయన చేసిన మంచిపనిని కొడుకు కుంకుమతో కప్పేశాడు, అంతే కదా. అంతే అనుకోవడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

దోసకాయ ఇంటికి తెచ్చాం. పప్పులో వేసింది.

మే 9, శుక్రవారం

వచ్చింది! లారీ దిగేసరికి వీధంతా గుమికూడింది. తలుపులో సరిగ్గా పట్టింది. కొలిచినవాణ్ణి నేనే అని అందరికీ చెప్పాను.

మే 12, సోమవారం

ఏసన్న మొదటి రోజు. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. తువ్వాలు లేదు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడుచుకున్నాడు.

కట్ట పెట్టాడు, సర్దాడు. కుడి చెయ్యి కుడి బటన్ మీద పెట్టాడు. ఎడమ మణికట్టు రేకు మీద పెట్టి అలా నిలబడిపోయాడు. నేనేదో అనబోతే ఇందు నా చొక్కా పట్టి లాగింది. ఏసన్న నొక్కాడు. కత్తి దిగి పైకి వెళ్ళింది. మణికట్టు మాత్రం రేకు మీదనుంచి తియ్యలేదు, దాన్నే చూస్తున్నాడు.

"ఇన్నేండ్లకు దీనికి గూడా పని దొరికిందమ్మా" అన్నాడు.

ఇందు పమిటతో మొహం తుడుచుకుంది. నాకేమీ కాలేదు. కాగితం ధూళి ఎక్కువగా ఉంది ఈ కొట్టులో.

మే 27, మంగళవారం

అమావాస్య. మిషన్‌కు పూజ. టెంకాయ కొట్టాం, దండ వేశాం. ఇందు కుంకుమ భరిణె నా చేతికిచ్చి, బొట్టు ఎక్కడ పెట్టాలో చూపించింది. పై చట్రం మీద, మిషన్ నుదురు ఉండేచోట. "బటన్ల దగ్గరికి ఎవరూ కుంకుమ తేవద్దు, దేవునికే సెప్పినా" అంది. ఏసన్న కుడి చెయ్యి గుండెకు ఆనించుకుని పక్కన నిలబడ్డాడు. వాళ్ళ దేవుడు వేరు, ప్రసాదం మాత్రం రెండుసార్లు తీసుకున్నాడు.

జూన్ 6, శుక్రవారం

కౌతాళం పుస్తకాలు వెళ్ళిపోయాయి. పెద్దకడుబూరువి రేపు.

భుజం కొంచెం తగ్గింది. సాయంత్రం ఇందు పొయ్యి దగ్గర ఉంది, మిగిలిన కట్ట నేనే కోస్తానని లేచాను. ఏసన్న పక్కకు జరిగి నిలబడ్డాడు, నా చేతులనే చూస్తూ. కట్ట పెట్టాను. అంచు సర్దాను. ఎడమ చెయ్యి తీశాను. రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి నొక్కాను.

ఈసారి అరవలేదు.